సున్నతో గెలుచు ఆట

ఏ ఆటలోనైనను పాయింట్లు తెచ్చు ఎత్తే మంచి ఎత్తు, ఏమియు తేని ఎత్తు వ్యర్థము అని మనము సామాన్యముగా తలంతుము. ఈ తలంపును తలక్రిందులు చేయు ఆట యొకటి కలదు. అందులో రెండు బిళ్ళలను తీసివేసినవానికి లభించునది సున్న. అయినను ఆ ఆటలో ఆరితేరినవారు చేతికందిన తొమ్మిది పాయింట్లను అట్లే యుంచి, సున్న వచ్చు చోటనే ముందుగా చేయి పెట్టుదురు. చూచువారికి అది తెలివితక్కువ పనిగా తోచును. కాని ఆట ముగిసి లెక్క చూచునప్పటికి వారి మొత్తమే పెద్దదై యుండును.

ఆ ఆట పేరు సేమ్ గేమ్. కంప్యూటరు తెరమీద రంగురంగుల బిళ్ళలతో ఆడునది. నియమములు నేర్చుకొనుటకు రెండు నిమిషములు చాలును. పదేండ్ల బాలుడు నిరాటంకముగా ఆడగలడు. కాని దీనిలో అత్యధికమైన మొత్తమును సాధించు మార్గమేది యని అడిగినచో గొప్ప గణితశాస్త్రజ్ఞులు సైతము తల పంకింతురు. వర్గముల లెక్క, ముందుచూపు, ఎంపిక అను మూడు సంగతులు ఇందు ఒక్కచోట చేరినవి. కనుక ఉపాధ్యాయులును, విద్యార్థులును దీని మర్మమును కొంత విపులముగా తెలిసికొనుట వినోదమునకే కాక చదువునకును ఉపకరించును.

ఆట పుట్టుక

1985లో జపాను దేశమున కునియాకి మోరిబే అను నతడు దీనిని 'చైన్ షాట్' అను పేర రచించెను. ఇండ్లలో వాడుకొను చిన్న కంప్యూటర్ల కొరకు ఆ దేశమున వెలువడుచుండిన 'ఆస్కీ' అను మాసపత్రిక ద్వారా, ఫుజిత్సు కంపెనీవారి యంత్రములపై ఆడుటకు వీలుగా, ఇది లోకమునకు వచ్చెను. 1992లో ఐజీ ఫుకుమోతో దీనిని యూనిక్స్ యంత్రములకు అనువుగా మార్చి 'సేమ్ గేమ్' అని పేరిడెను. మరుసటి యేట ఇకువో హిరోహాత విండోసునకును, 1994లో తకాహిరో సుమియా మాకింతోషునకును దీనిని తెచ్చిరి. పిమ్మట లినక్స్ కంప్యూటర్లలో ఉచితముగా లభించు ఆటలలో ఇది చేరెను. 'క్లికోమేనియా' మొదలగు ఇతర నామములతోను ఇది ప్రచారము పొందినది. ఊరూరు తిరిగిన కథవలె ఇదియు పేరు మార్చుకొనుచు వచ్చినది. లోని సారము మాత్రము మారలేదు.

నియమములు

పలకమీద గళ్ళు గళ్ళుగా బిళ్ళలు పేర్చియుండును. పరిశోధకులు ఎక్కువగా వాడు పలకలో నిలువున 15, అడ్డమున 15, వెరసి 225 గళ్ళు. బిళ్ళలకు ఐదు రంగులు. ఒకే రంగు బిళ్ళలు రెండు గాని, అంతకు మించి గాని, ప్రక్కప్రక్కనో, పైనక్రిందనో ఆనుకొనియున్నచో అది ఒక గుంపు. మూలలు మాత్రమే తాకియున్నవి లెక్కకు రావు. గుంపులోని ఏ బిళ్ళను నొక్కినను ఆ గుంపంతయు ఒక్కసారిగా మాయమగును. అప్పుడు పైనున్న బిళ్ళలు క్రిందికి జారును. ఒక నిలువు వరుస పూర్తిగా ఖాళీ యైనచో దాని కుడివైపు వరుసలన్నియు ఎడమకు జరిగి ఆ సందును పూడ్చును. ఒంటి బిళ్ళను తీయుటకు వీలులేదు. తీయదగిన గుంపు ఒక్కటియు లేనప్పుడు ఆట ముగియును.

ఇక్కడ ఒక ముఖ్య విషయము గమనింపదగును. ఈ ఆటలో కొత్త బిళ్ళలు ఎక్కడనుండియు రావు. ఉన్నదంతయు మొదటనే కన్నుల యెదుట నున్నది. పాచికలు లేవు, పేకముక్కల వలె దాగియున్నదేమియు లేదు. అదృష్టమును నిందించుటకు గాని, పొగడుటకు గాని అవకాశము లేదు. తగ్గిన ప్రతి పాయింటునకును ఆడినవాడే బాధ్యుడు.

వర్గసూత్రము

పాయింట్ల లెక్క ఇట్లుండును. తీసిన గుంపులోని బిళ్ళల సంఖ్యనుండి రెండు తీసివేసి, మిగిలినదానిని వర్గము చేయవలెను. రెండు బిళ్ళలకు సున్న. మూడింటికి 1. నాలుగింటికి 4. ఐదింటికి 9. పదింటికి 64. ఇరువదింటికి 324. నలువదింటికి 1,444.

ఈ అంకెలను ఒక్కసారి నిదానించి చూడవలెను. పది బిళ్ళలను ఐదేసి చొప్పున రెండు మారులు తీసినచో 9, 9 కలిసి 18 పాయింట్లు. ఆ పదింటినే ఒకచోట చేర్చి ఒకేసారి తీసినచో 64. నలువది బిళ్ళలను ఇరువదేసి చొప్పున తీసినచో 648. ఒక్కసారిగా తీసినచో 1,444. బిళ్ళలు అవియే, రంగు అదియే. మారినది వేళ మాత్రమే.

రెండు గుంపులను కలుపుటవలన ఎంత లాభమో తెలిసికొనుటకు సులభమైన సూత్రమొకటి కలదు. మొదటి గుంపులోని సంఖ్యను రెండవ గుంపులోని సంఖ్యతో గుణించి, దానిని రెండింతలు చేసి, నాలుగు తీసివేయవలెను. ఐదు, ఐదు గుంపులైనచో ఐదైదులు ఇరువదియైదు, దాని రెండింతలు ఏబది, నాలుగు పోగా 46. మీది లెక్కలో 64నుండి 18 తీసివేసినను వచ్చునది 46 మాత్రమే. పై తరగతుల విద్యార్థులు వర్గముల విస్తరణను ఉపయోగించి ఈ సూత్రమును తామే నిరూపింపవచ్చును. 'ఈ సూత్రములు మాకెందుకు?' అని అడుగు బాలునకు దీనికంటె చక్కని సమాధానము దొరకుట అరుదు.

ఇందలి తాత్పర్యమేమి? పెద్ద గుంపునకు ఒక్క బిళ్ళ చేరినను విలువ ఎక్కువ. ఇరువది బిళ్ళల గుంపునకు ఎక్కడనో విడిగా పడియున్న ఒంటి బిళ్ళ వచ్చి చేరినచో మొత్తము 324నుండి 361కి పెరుగును. తనంతట తాను ఏ విలువయు లేని ఆ ఒంటి బిళ్ళకు తోడు దొరికినంతనే 37 పాయింట్ల విలువ కలిగెను.

సున్న చేయు సేవ

ఇప్పుడు మొదట చెప్పిన సున్న సంగతికి వత్తము. ఒకే ఒక నిలువు వరుసను ఊహించుకొనుడు. పైనుండి క్రిందికి రెండు ఎరుపు, రెండు పసుపు, మూడు ఎరుపు బిళ్ళలు కలవు. తొందరపాటుగల ఆటగాడు వెంటనే మూడు ఎరుపులను తీసి ఒక పాయింటు సంపాదించును. తరువాత మిగిలినవి రెండు జంటలు. వాటికి సున్న, సున్న. మొత్తము 1. నిదానస్థుడు మొదట నడుమనున్న పసుపు జంటను తీయును. వచ్చునది సున్న. కాని ఆ అడ్డు తొలగినంతనే పై ఎరుపులు జారి క్రింది ఎరుపులతో కలియును. ఐదు ఎరుపులకు 9 పాయింట్లు. సున్న తెచ్చిన ఎత్తే తొమ్మిదింటిని తెచ్చినది.

మరియొక వరుస: పైనుండి రెండు ఎరుపు, మూడు నీలము, రెండు పసుపు, రెండు నీలము, నాలుగు ఎరుపు. ముందుగా పెద్ద గుంపు, పిదప దానికంటె చిన్న గుంపు అని తీయుచు పోయినచో ఎరుపు నాలుగింటికి 4, నీలము మూడింటికి 1, తక్కినవన్నియు సున్నలు, మొత్తము 5. నడుమనుండి వెలుపలికి వచ్చినచో పసుపు జంటకు సున్న, ఐదు నీలములకు 9, ఆరు ఎరుపులకు 16, మొత్తము 25. లెక్కలలో కుండలీకరణములను లోపలినుండి విప్పుచు వచ్చునట్లే ఇక్కడను లోపలినుండి వెలుపలికి రావలెను. పెట్టెలో పెట్టెగా అమరియున్న రంగులకు ఇదియే ధర్మము.

అయితే రంగులు ఎల్లప్పుడు పెట్టెలో పెట్టెగా అమరియుండవు. ఒకదానినొకటి దాటుచు అల్లుకొనియుండును. పైనుండి రెండు ఎరుపు, మూడు నీలము, రెండు ఎరుపు, మూడు నీలము ఉన్న వరుసను చూడుడు. ఎరుపులను కలుపవలెనన్నచో వాటి నడుమనున్న నీలములను బలి యీయవలెను. నీలములను కలుపవలెనన్నచో నడుమనున్న ఎరుపులను బలి యీయవలెను. రెంటిని కలుపుట అసాధ్యము. ఎరుపును కాపాడినవానికి నీలము మూడింటికి 1, ఎరుపు నాలుగింటికి 4, మిగిలిన నీలమునకు 1, వెరసి 6. నీలమును కాపాడినవానికి ఎరుపు జంటకు సున్న, నీలము ఆరింటికి 16, మిగిలిన ఎరుపు జంటకు సున్న, వెరసి 16.

ఈ యాట అంతయు ఈ చిన్న వరుసలోనే ఇమిడియున్నది. ఓపిక పట్టుట ఒక్కటే చాలదు. దేనికొరకు ఓపిక పట్టవలెనో తేల్చుకొనవలెను. అన్నిటిని కాపాడదలచినవాడు దేనిని కాపాడలేడు. ఒకటి నిలుచుటకు తక్కినవి దారి యీయవలెను.

ఆడువారికి కొన్ని మెలకువలు

మొదటిది: ముట్టుకొనుటకు ముందు లెక్కింపుడు. ఐదు రంగులలో ఏ రంగు బిళ్ళలు ఎక్కువగా నున్నవో చూచి దానిని దాపుడు రంగుగా పెట్టుకొనుడు. తప్పని సరియైన వేళ వచ్చువరకు దానిపై చేయి వేయరాదు. తక్కిన నాలుగు రంగులను తొలగించిన కొలది ఈ రంగు బిళ్ళలు తమంతట తామే జారి ఒకదానితో నొకటి కలియుచు వచ్చును. 225 బిళ్ళలలో ఐదు రంగులు సమముగా నున్నచో ఒక్కొక్కటి 45 చొప్పున వచ్చును. ఆ 45 బిళ్ళలను ఐదేసి చొప్పున తొమ్మిది మారులు తీసినచో వచ్చునది 81 మాత్రమే. ఒక్క గుంపుగా తీయగలిగినచో 1,849!

రెండవది: పైభాగమునుండి ఆరంభించుట మేలు. పైనున్న గుంపును తీసినచో దాని క్రిందివి కదలవు. క్రింది అమరిక చెదరదు. అడుగునున్న గుంపును తీసినచో దానిపై నున్నవన్నియు కదలును. మంచి అమరిక ఉన్నచోట అడుగున చేయి పెట్టరాదు. అమరిక చెడ్డదైనప్పుడు అడుగునుండియే కదిలింపవలెను.

మూడవది: అడ్డు జంటకును నిలువు జంటకును గల భేదము తెలిసికొనవలెను. రెండింటికిని వచ్చునది సున్నయే. కాని అడ్డు జంటను తీసినచో రెండు వరుసలు ఒక్కొక్క మెట్టు దిగును. నిలువు జంటను తీసినచో ఒకే వరుస రెండు మెట్లు దిగును. ఒక వరుసలో ఐదవ మెట్టున నీలము, దాని కుడి వరుసలో ఆరవ మెట్టున నీలము ఉన్నవనుకొందము. అవి మూలలతో తాకుచున్నవి గాని గుంపు కాలేదు. ఆ కుడి వరుసలోను, దానికి ఆవలి వరుసలోను క్రిందుగా ఒక అడ్డు జంట ఉన్నచో దానిని తీయుడు. ఆరవ మెట్టు నీలము ఐదవ మెట్టునకు దిగి తన తోటిదానిని కలియును. వ్యత్యాసము రెండు మెట్లైనచో నిలువు జంటను వెదకవలెను. తాళపుచెవి తాళమునకు సరిపోవలెను గదా!

నాలుగవది: వరుసల ఎత్తులను గమనించుచుండవలెను. ఒకే వరుసను తవ్వుచు పోయినచో దాని ఇరుగుపొరుగు వరుసల తలలు ఒంటరిగా నిలిచిపోవును. వాటికి ఆ ప్రక్కన ఆనుకొనుటకు ఏమియు ఉండదు. అయితే ఒక వరుసను పూర్తిగా ఖాళీ చేసినచో దాని ఇరుప్రక్కల వరుసలు దగ్గరకు వచ్చి కలియును. దూరముగా నున్న రెండు పెద్ద గుంపులను కలుపుటకు ఇది బలమైన సాధనము. సగము తవ్వి విడుచుటకంటె, తవ్వకుండుటయో, పూర్తిగా తవ్వుటయో మేలు.

ఐదవది: ఏ రంగునైనను ఒంటి బిళ్ళగా మిగులనీయరాదు. ఒక రంగులో మూడే బిళ్ళలు మిగిలియున్నప్పుడు వాటిలో జంటను తీసినవాడు మూడవదానిని శాశ్వతముగా అనాథను చేసినవాడగును. ఆ మూడింటిని ఒక్కసారిగానే తీయవలెను.

ఆరవది: దాచుటకును ఒక హద్దు కలదు. పరిశోధకులు వాడు నియమముల ప్రకారము పలక పూర్తిగా ఖాళీ యైనచో 1,000 పాయింట్ల బహుమానము. ఇది 34 బిళ్ళల గుంపు తెచ్చు 1,024 పాయింట్లకు ఇంచుమించు సమానము. బిళ్ళలు మిగిలిపోయినచో ఒక్కొక్క రంగులో మిగిలినవన్నియు ఒకే గుంపైనట్లు భావించి, అదే వర్గసూత్రము ప్రకారము పాయింట్లు తగ్గింతురు. ఎనిమిది బిళ్ళలు చెల్లాచెదరుగా మిగిలినచో 36 పోవును. మితిమీరి దాచినవానిని ఏ సూత్రము పెంచినదో ఆ సూత్రమే దించును. కనుక దాపుడు రంగును తీయుటకు ముందు, అది పోయిన పిదప మిగులు బిళ్ళలు ఎట్లు జారునో, వాటిని జంటలుగా తొలగించుటకు దారి యున్నదో లేదో కడవరకు మనసులో ఆడి చూచుకొనవలెను.

తప్పిపోని సూత్రము కలదా?

ఈ మెలకువలు తోడ్పడును గాని ప్రతి పలకలోను అత్యుత్తమ ఫలితము నిచ్చునని చెప్పలేము. అట్టి తప్పిపోని, శీఘ్రమైన మార్గమును ఎవరును కనుగొనలేదు. కనుగొనుట ఎంత కష్టమో మాత్రము గణితశాస్త్రజ్ఞులు నిరూపించిరి.

ఎరిక్ డెమైన్ మరి ఐదుగురు పరిశోధకులతో కలిసి వ్రాసి, 2002లో ఒక సంపుటమున ప్రకటించిన వ్యాసమున ఒక తేలికైన ప్రశ్నను గైకొనిరి. పాయింట్ల మాట అటుంచి, ఇచ్చిన పలకను పూర్తిగా ఖాళీ చేయవచ్చునా, లేదా? ఒకే నిలువు వరుస అయినచో దీనిని త్వరగా తేల్చవచ్చునని వారు చూపిరి. అందుకు వారు చేపట్టిన సాధనము వ్యాకరణము! వాక్యమును పదబంధములుగా విడదీయుటకు కంప్యూటరు శాస్త్రజ్ఞులు వాడు వ్యాకరణ పద్ధతియే రంగుల వరుసను విడదీయుటకును పనికివచ్చినది. పెట్టెలో పెట్టె, వాక్యములో ఉపవాక్యము; రెండును ఒకే కట్టడము. భాషోపాధ్యాయులకును లెక్కల ఉపాధ్యాయులకును ఇక్కడ చుట్టరికము కలిసినది.

కాని వరుసలు రెండై, రంగులు ఐదైనంతనే పరిస్థితి మారిపోవును. వరుసలు ఐదై రంగులు మూడైనను అంతియే. అప్పుడు ఈ ప్రశ్న 'ఎన్.పి. సంపూర్ణము' అను తరగతిలో చేరునని వారు నిరూపించిరి. రెండు వరుసలు, రెండే రంగులు ఉన్నను ప్రశ్న అంతే కఠినమని 2017లో డెమైన్ మొదలగువారు మరియొక వ్యాసమున చూపిరి.

ఈ తరగతి ప్రశ్నల లక్షణమేమనగా: ఎవరైన సమాధానమును తెచ్చి చూపినచో అది సరియో కాదో తేల్చుట సులభము. ఎత్తుల పట్టికను చేతికిచ్చినచో వరుసగా ఆడి చూచిన చాలును. కాని ఆ సమాధానమును స్వయముగా కనుగొనుటకు, పలక ఎంత పెద్దదైనను త్వరగా తేల్చివేయు పద్ధతి నేటివరకు తెలియదు. పాఠశాలలలో టైముటేబిలు వేయు ఉపాధ్యాయులకు ఈ బాధ అనుభవమే. ఈ పంతులుగారికి ఖాళీ యున్నప్పుడు ఆ తరగతికి ఖాళీ యుండదు; ఒకటి సర్దినచో మరియొకటి చెడును. ఆ టైముటేబిలు సమస్యయు ఈ తరగతికే చెందినదని 1976లోనే నిరూపితమైనది. ఈ తరగతిలోని ఏ ఒక్క ప్రశ్నకు శీఘ్ర మార్గము దొరకినను తక్కిన అన్నిటికిని దొరకినట్లే. అట్టి మార్గము కలదో లేదో తేల్చినవారికి అమెరికాలోని క్లే గణిత సంస్థ పది లక్షల డాలర్ల బహుమానమును 2000లో ప్రకటించెను. ఆ బహుమానము ఇంకను ఎవరికిని దక్కలేదు. పిల్లలు చిటికెలో నేర్చుకొను రంగుల ఆట ఇంత లోతైన ప్రశ్నతో ముడిపడియున్నది.

యంత్రము ఆడిన విధము

ఇక కంప్యూటరునే ఆడుమన్నచో? అన్ని మార్గములను వెదకి చూచుట యంత్రమునకును అలవికాదు. కావున 2008లో నెదర్లాండ్సులోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయమున మార్టెన్ షాడ్, మార్క్ వినాండ్స్ మొదలగు పరిశోధకులు మరియొక త్రోవ త్రొక్కిరి. ఒక ఎత్తు మంచిదో కాదో తెలియుటకు ఆ ఎత్తు వేసి, అక్కడనుండి ఆటను యాదృచ్ఛికముగా చివరివరకు ఆడించి ఫలితము చూచుట, ఇట్లే వేలకొలది మారులు చేసి మంచి ఫలితములు వచ్చిన దిక్కునకు మరింత శ్రద్ధతో వెదకుట వారి పద్ధతి.

ఇందులో మనకు ఆసక్తి గొలుపు సంగతి యొకటి కలదు. యాదృచ్ఛికముగా ఆడుమని విడిచినచో యంత్రము అన్ని రంగులను ఎక్కడివక్కడ చిన్న చిన్న గుంపులుగా తీసి పాడుచేసెడిది. కనుక వారు దానికి ఒక కట్టుబాటు విధించిరి: పలకలో అన్నిటికంటె ఎక్కువగా నున్న రంగును నిషిద్ధముగా ఎంచవలెను; వేరే ఎత్తు లేనప్పుడు తప్ప దానిని ముట్టరాదు. ఈ ఒక్క నిషేధముతో ఫలితములు ఎంతో మెరుగుపడెను. ఇరువది పలకల పరీక్షలో వారి యంత్రము మొత్తము 73,998 పాయింట్లు సాధించెను. అనగా పలక ఒక్కింటికి ఇంచుమించు 3,700. మరుసటి యేట ఫ్రాన్సు దేశీయుడైన త్రిస్తాన్ కజెనావ్ వేరొక వెదకు పద్ధతితో దానిని 77,934కు పెంచెను.

అంత వేగముగల యంత్రమునకు సైతము మేలు చేసినది అధికమైన బలము మాత్రమే కాదు. 'దీనిని ముట్టకుము' అను చిన్న నిషేధము. ఆ నిషేధము యంత్రము తనంత తాను కనిపెట్టినది కాదు, మనుష్యులు దానికి నేర్పినది.

ముగింపుగల ఆట, ముగింపులేని ఆట

రంగులు కలుపు ఆటలు నేడు అనేకములు. 2001లో వచ్చిన బిజ్యూల్డ్, 2012లో వచ్చిన క్యాండీ క్రష్ సాగా మొదలగునవి లోకమంతట వ్యాపించినవి. మన ఇండ్లలో పిల్లలు ఫోనులో ఆడునవి తరచుగా ఇట్టివియే. పైకి అన్నియు ఒకే తీరుగా తోచును గాని వీటికిని సేమ్ గేమునకును మూలమున భేదము కలదు. ఆ యాటలలో బిళ్ళలు తీసిన కొలది పైనుండి కొత్తవి రాలుచుండును. రాబోవునది ఆడువానికి తెలియదు. మంచి ఎత్తు వేయకున్నను పైనుండి రాలిన బిళ్ళలు వాటంతట అవియే కలిసి పాయింట్లు కురిపించుటయు కలదు. క్యాండీ క్రష్‌లో ఓడినవానికి ఒక ప్రాణము పోవును. అది తిరిగి వచ్చుటకు అరగంట వేచియుండవలెను, లేదా డబ్బు చెల్లింపవలెను. అక్కడ ఓపికకు వెల కట్టిరి.

సేమ్ గేమ్‌లో రాలునది లేదు, కొనునది లేదు. ఉన్న 225 బిళ్ళలు ముగిసినంతనే ఆట ముగియును. ఓడినవాడు ఎక్కడ ఓడెనో వెనుకకు తిరిగి చూచుకొనవచ్చును. కొన్ని రూపములలో వేసిన ఎత్తును వెనుకకు తీసికొనుటకు వీలుండును. ఆ వీలును పాయింట్ల కొరకు గాక పరీక్ష కొరకు వాడినచో అంతకు మించిన గురువు లేడు. 'ఈ జంటకు బదులు ఆ జంటను తీసియుండినచో ఏమగును?' అను ప్రశ్నకు జవాబు అప్పటికప్పుడే కనబడును. పిల్లలు ఆటలాడుట మంచిదా చెడ్డదా యని పెద్దలు తరచుగా వాదింతురు. ఆ ప్రశ్నకంటె, ఆ యాటలో ఆలోచించినవానికిని ఆలోచింపనివానికిని భేదము కనబడునా, ఆ యాటకు ముగింపు కలదా అను రెండు ప్రశ్నలు వేసి చూచుట ఎక్కువ ప్రయోజనకరము.

కంప్యూటరు లేని బడిలోను ఈ పాఠము చెప్పవచ్చును. నల్లబల్లపై రంగు సుద్దలతో ఒక నిలువు వరుస గీసిన చాలును. తీసిన గుంపును తుడిచి, పైవాటిని క్రిందికి దింపి వ్రాయుచు పోవలెను. పిల్లలను రెండు జట్లుగా చేసి ఒకే వరుసను ఇరువురికి ఇచ్చినచో తరగతి కోలాహలముగా నుండును. వర్గముల లెక్కయు వచ్చును.

ఆరంభమునకు ఒక వరుస నిచ్చుచున్నాము. పైనుండి రెండు నీలము, మూడు ఎరుపు, రెండు నీలము, రెండు పసుపు, మూడు ఎరుపు, రెండు నీలము. ఎరుపులు ఆరు, నీలములు ఆరు. సంఖ్యలు సమానము, అల్లిక చిక్కు. ఒక రంగును ముక్కచెక్కలు కానీయక దాచినవానికి 18 పాయింట్లు వచ్చును. మరియొక రంగును దాచినవానికి 20 వచ్చును. ఏ రంగునకు ఎంత, రెండింటికిని భేదము ఎందుచేత వచ్చినది అని విద్యార్థులచేతనే చెప్పింపవలెను. బిళ్ళల సంఖ్య సమానమైనప్పుడు, ఏ రంగును నిలుపుటకు మనము కోల్పోవునది తక్కువయో, మార్గములో ఎన్ని సున్నలు మనకు సేవ చేయునో చూచినవానికి సమాధానము తోచును.